దివ్యాంగులకు ఉద్యోగం: సదరం సర్టిఫికెట్ నుంచి ఉద్యోగంలో చేరేదాకా ఏ పని ముందు, ఏది తర్వాత

ఉద్యోగం కోసం చూస్తున్న దివ్యాంగులు ఎక్కువగా అడిగేది "కోటా నోటిఫికేషన్ ఎప్పుడొస్తుంది?" అని. నోటిఫికేషన్లు వస్తూనే ఉంటాయి. చాలామంది ఆగిపోయేది వేరే చోట. ఒకరి సర్టిఫికెట్ గడువు ముగిసి ఉంటుంది. ఇంకొకరికి ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఒక పేరు ఉంటుంది. మరొకరు ఆ పోస్టు తమ వైకల్యానికి గుర్తించిందో లేదో చూడకుండానే ఏడాది పాటు కోచింగ్ తీసుకుంటారు. మెరిట్ లిస్టులో పేరు వచ్చాక, వెరిఫికేషన్ రోజున ఇవి బయటపడితే సరిచేసుకోవడానికి టైమ్ ఉండదు.

అందుకే ఇక్కడ పనుల వరుస మీదే ఎక్కువ చెబుతున్నాను. ఏపీ, తెలంగాణ వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది. ప్రభుత్వ ఉద్యోగం, ప్రైవేటు ఉద్యోగం, సొంత వ్యాపారం మూడూ ఉన్నాయి. మీ దారి ఏదైనా సరే మొదటి రెండు భాగాలు మాత్రం వదిలేయకండి.

1. ముందు సర్టిఫికెట్

మన దగ్గర రెండు పేర్లు వినిపిస్తాయి. సదరం అనేది ఉమ్మడి రాష్ట్రం నుంచి వస్తున్న పరీక్షల విధానం. యూడీఐడీ అనేది దేశమంతటా చెల్లే కేంద్ర గుర్తింపు కార్డు. పాత సదరం సర్టిఫికెట్ ఉన్నా యూడీఐడీ కూడా తీసుకోండి. కేంద్ర ఉద్యోగాలకు, కేంద్ర పథకాలకు ఆ నంబరు అడుగుతున్నారు.

దరఖాస్తును స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు. మీసేవలో గానీ, ఏపీలో అయితే గ్రామ, వార్డు సచివాలయంలో గానీ అడిగితే స్లాట్ వివరాలు చెబుతారు. పరీక్షకు వెళ్లేటప్పుడు పాత ఆసుపత్రి కాగితాలు, ఆపరేషన్ రిపోర్టులు, ఎక్స్‌రేలు, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) అన్నీ తీసుకెళ్లండి. డాక్టరు ముందు ఉండే టైమ్ తక్కువ. కాగితం ఉంటే మీరు నోటితో చెప్పాల్సినది తగ్గుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం ఉండాలి. ఇక్కడే రెండు విషయాల్లో చాలామంది పొరబడతారు.

చూపు విషయంలో: ఒక కన్ను పూర్తిగా పోయినా, రెండో కన్ను బాగుంటే లెక్క 30 శాతమే వస్తుంది. కోటా వర్తించదు.

వినికిడి విషయంలో: చట్టం రెండు చెవులనూ కలిపి చూస్తుంది. రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి లోపం కింద, 70 డెసిబెల్స్ దాటితే బధిరత్వం కింద లెక్కిస్తారు. ఒక్క చెవే వినపడకపోతే ఈ నిర్వచనంలోకి రారు.

ఈ సంగతి ముందే తెలిస్తే మధ్యవర్తికి డబ్బులిచ్చి శాతం పెంచుకోవాలన్న ఆలోచనే రాదు. దొంగ సర్టిఫికెట్‌తో ప్రయోజనం పొందితే ఈ చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఎంపికైన వాళ్లను నియామక సంస్థలు మళ్లీ మెడికల్ బోర్డుకు పంపుతాయి కాబట్టి అది అక్కడే దొరికిపోతుంది.

40 శాతం కంటే తక్కువ వచ్చిన వాళ్లు నిరాశపడి కాగితం పక్కన పడేయకండి. కోటా లేకపోయినా, పని చోట వివక్ష చూపకూడదన్న రక్షణ మీకూ ఉంది. చేత్తో రాయడం కష్టమైతే పరీక్షలో స్క్రైబ్‌ను (మీరు చెప్పింది రాసిపెట్టే సహాయకుడిని) అడిగే హక్కు 40 శాతం లోపు వాళ్లకూ ఉందని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది.

సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి చూసుకోవాల్సినవి:

☐ పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉన్నాయా
☐ వైకల్యం రకం సరిగ్గా రాశారా. "ఒక కాలు" అని ఉండాల్సిన చోట "రెండు కాళ్లు" అని పడితే పోస్టే మారిపోతుంది
☐ శాతం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటే ఉందా
☐ శాశ్వతమా, తాత్కాలికమా. తాత్కాలికమైతే ఏ తేదీ దాకా
☐ డాక్టర్ల సంతకాలు, ముద్ర, ఫొటో మీద ముద్ర ఉన్నాయా

గడువు ఉన్న సర్టిఫికెట్ అయితే, ముగియడానికి ఆరు నెలల ముందే రెన్యువల్ పని మొదలుపెట్టండి. స్లాట్ దొరకడానికే సమయం పడుతుంది.

2. మీరు ఏం చేయగలరో, ఏం కావాలో కాగితం మీద పెట్టండి

ఇది ఎవరూ చేయరు. అందరికంటే ఎక్కువ పనికొచ్చేదీ ఇదే.

ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో మీరు ఎవరి సాయం లేకుండా చేసే పనులు రాయండి. రెండో గడిలో ఒక పరికరమో, చిన్న మార్పో ఉంటే చేయగలిగేవి, ఆ పరికరం పేరుతో సహా రాయండి. మూడో గడిలో చేయలేనివి.

ఉదాహరణకు చూపు లేని డిగ్రీ అభ్యర్థి రెండో గడి ఇలా ఉంటుంది: "కంప్యూటర్‌లో వర్డ్, ఎక్సెల్, మెయిల్. ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ ఉండాలి. ఫైళ్లు స్కాన్ ఫొటోలుగా కాకుండా టెక్స్ట్‌గా ఉండాలి." ఎన్‌వీడీఏ అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. అది ఉచితం. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. అంటే మీ కోసం కంపెనీ పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. ఈ మాట ఇంటర్వ్యూలో చెప్పగలగాలంటే ముందు మీకు తెలిసి ఉండాలి.

వీల్‌చైర్ వాడేవాళ్లయితే: ర్యాంపు లేదా లిఫ్టు, టేబుల్ కింద ఖాళీ, అదే అంతస్తులో వాడుకోదగ్గ టాయిలెట్. వినపడని వాళ్లయితే: మీటింగ్‌లో చెప్పేది టైప్ చేసి చూపడం, ఫోన్ బదులు మెసేజ్, శిక్షణలో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్.

చట్టం భాషలో దీన్ని రీజనబుల్ అకామడేషన్ అంటారు. ఉద్యోగి పని చేయడానికి అవసరమైన, సంస్థకు మోయలేని భారం కాని మార్పు అని దాని అర్థం. "నాకు సాయం చేయండి" అని అడిగితే జాలిపడతారు. "ఈ సాఫ్ట్‌వేర్ వేస్తే ఈ పని ఇంత వేగంగా చేస్తాను" అంటే ఉద్యోగం గురించి మాట్లాడతారు.

మూడో గడిని ఇంట్లోవాళ్లతో నింపించకండి. ప్రేమ కొద్దీ చాలా ఎక్కువ రాస్తారు.

3. శిక్షణ, పరికరాలు ఎక్కడ

హైదరాబాద్ విద్యానగర్‌లోని ఏటీఐ (అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్) ఆవరణలో దివ్యాంగుల నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది. పాతవాళ్లు దీన్ని వీఆర్‌సీ అంటారు. మీ సామర్థ్యం అంచనా వేయడం, వృత్తి శిక్షణ, ఉద్యోగాల కోసం పేరు నమోదు ఇక్కడ జరుగుతాయి. రెండో భాగంలోని కాగితం పట్టుకుని వెళితే కౌన్సెలింగ్ వేగంగా సాగుతుంది.

మేధో వైకల్యం ఉన్నవాళ్ల కుటుంబాలు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీని (మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థను) సంప్రదించాలి. నెల్లూరులో దివ్యాంగుల కోసం కేంద్రం నడిపే కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉంది. చూపు తగ్గినవాళ్లకు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి రిహాబిలిటేషన్ విభాగం దారి చూపుతుంది. ప్రైవేటు ఉద్యోగాలకు సిద్ధం చేసే స్వచ్ఛంద సంస్థల్లో హైదరాబాద్‌లో మొదలైన యూత్‌ఫర్‌జాబ్స్, బెంగళూరు ఎనేబుల్ ఇండియా పేరున్నవి.

వీల్‌చైర్, వినికిడి యంత్రం, కృత్రిమ కాలు వంటివి కేంద్రం ఏడీఐపీ పథకం కింద ఇస్తుంది. క్యాంపు తేదీలు జిల్లా సంక్షేమ కార్యాలయంలో తెలుస్తాయి.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. వినపడకపోతే డేటా ఎంట్రీ, కనపడకపోతే టెలిఫోన్ ఆపరేటర్, కాలు లేకపోతే టైలరింగ్ అని చాలాచోట్ల ముందే తీర్మానించేస్తారు. మీ చదువు, మీ ఇష్టం ఏంటో చెప్పి, వేరే కోర్సు ఏముందో పట్టుబట్టి అడగండి. అది మొండితనం కాదు. మూడు నెలలు కూర్చోవాల్సింది మీరు.

4. పింఛను పోతుందన్న భయం

ఇంట్లో చర్చ చాలాసార్లు ఇక్కడే ఆగిపోతుంది. ఏపీలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. తెలంగాణలో 4,016. నెలనెలా తప్పకుండా వచ్చే డబ్బు కాబట్టి, ఇంటిని దాంతో నడిపేవాళ్లకు ఈ టెన్షన్ ఉండటం న్యాయమే.

ప్రభుత్వ ఉద్యోగం వస్తే పింఛను ఆగుతుంది. ప్రైవేటు ఉద్యోగంలో అయితే కుటుంబ ఆదాయ పరిమితి చూస్తారు. చేరకముందే సచివాలయంలో గానీ మండల కార్యాలయంలో గానీ మీ కుటుంబానికి వర్తించే పరిమితి ఎంతో అడిగి తెలుసుకోండి. అద్దె, ప్రయాణం పోను జీతంలో మిగిలేది ఎంతో, పింఛను ఎంతో రెండూ పక్కపక్కన రాయండి. నగరంలో 10,000 జీతానికి వెళ్లి, హాస్టల్‌కే 6,000 కట్టే పరిస్థితి అయితే ఇంటి దగ్గర పనో, ఇంటి నుంచే చేసే పనో వెతకడం మేలు. అదే ఈపీఎఫ్, ఈఎస్ఐ ఉన్న ఉద్యోగమైతే, ఏడాది తర్వాత జీతం పెరుగుతుందంటే లెక్క మారుతుంది.

5. ప్రభుత్వ నోటిఫికేషన్‌ను ఎలా చదవాలి

చట్టం 34వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. చూపు లోపానికి 1, వినికిడి లోపానికి 1, చలన సంబంధ వైకల్యాలకు 1 శాతం. సెరిబ్రల్ పాల్సీ, మరుగుజ్జుతనం, కుష్ఠు నయమైనవాళ్లు, యాసిడ్ దాడి బాధితులు, మస్క్యులర్ డిస్ట్రఫీ ఈ మూడో వర్గంలోకే వస్తాయి. మిగిలిన 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలకు.

ఇది సమాంతర రిజర్వేషన్. అంటే దివ్యాంగుల కోటాలో ఎంపికైన అభ్యర్థిని మళ్లీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీల్లో తన వర్గం కిందే చూపిస్తారు. కాబట్టి కుల సర్టిఫికెట్ కూడా సిద్ధంగా ఉండాలి. "పీహెచ్ (దివ్యాంగుల) కోటా ఉంది కదా, కులం కాగితం దేనికి" అనుకుని వదిలేసిన వాళ్లు వెరిఫికేషన్‌లో ఇబ్బంది పడతారు.

నోటిఫికేషన్ తెరవగానే ఖాళీల సంఖ్య చూడకండి. ఈ వరుసలో చూడండి:

మొదట, ఆ పోస్టును ఏయే వైకల్యాలకు గుర్తించారు. కేంద్రం 2021 జనవరి 4న ఇచ్చిన జాబితాలో 3,566 పోస్టులు ఉన్నాయి. ప్రతి పోస్టు పక్కన కోడ్‌లు ఉంటాయి. ఓఏ అంటే ఒక చేయి, ఓఎల్ ఒక కాలు, బీఎల్ రెండు కాళ్లు, ఎల్‌వీ తక్కువ చూపు, హెచ్‌హెచ్ వినికిడి లోపం. మీ సర్టిఫికెట్‌లోని రకం ఇక్కడ కనపడాలి.

తర్వాత, పనికి కావలసిన సామర్థ్యాలు. ఎస్ అంటే కూర్చోవడం, ఎస్‌టీ నిలబడటం, డబ్ల్యూ నడవడం, ఎస్ఈ చూడటం, ఆర్‌డబ్ల్యూ చదవడం రాయడం, ఎంఎఫ్ వేళ్లతో పనిచేయడం. వీటిని మీ మూడు గడుల కాగితంతో పోల్చండి. పరికరాల సాయంతో చేయగలిగినవి కూడా "చేయగలను" కిందే లెక్క.

మూడోది, వయసు సడలింపు. కేంద్రంలో ఇది 10 ఏళ్లు. ఓబీసీ దివ్యాంగులకు 13, ఎస్సీ, ఎస్టీలకు 15. మన రెండు రాష్ట్రాల నోటిఫికేషన్లలోనూ దివ్యాంగులకు 10 ఏళ్ల సడలింపు ఉంటుంది.

నాలుగోది, ఫీజు. యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) దివ్యాంగుల నుంచి ఫీజు తీసుకోవు. రాష్ట్ర నోటిఫికేషన్‌లో ఏముందో చదివి కట్టండి.

ఖాళీల సంఖ్య చిట్టచివర. ఎందుకంటే గుర్తించిన పోస్టు వేరు, రిజర్వ్ చేసిన పోస్టు వేరు. మీ వైకల్యానికి రిజర్వ్ చేసిన ఖాళీ సున్నా అని ఉన్నా, ఆ పోస్టును మీ వైకల్యానికి గుర్తించి ఉంటే మీరు జనరల్ పోటీలో దరఖాస్తు చేయొచ్చు. కేంద్ర నిబంధనల ప్రకారం అప్పుడు కూడా వయసు సడలింపు వర్తిస్తుంది. "మాకు పోస్టులు లేవు" అని పేజీ మూసేసే వాళ్లు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు. ఏ సడలింపూ వాడుకోకుండా సొంత మెరిట్‌తో ఎంపికైతే, మిమ్మల్ని రిజర్వ్ ఖాళీలో లెక్కించకూడదు. ఆ ఖాళీ ఇంకో దివ్యాంగుడికి మిగులుతుంది.

6. దరఖాస్తు నింపే రోజు

టీజీపీఎస్సీలో ఓటీఆర్, ఏపీపీఎస్సీలో ఓటీపీఆర్ అని ఒకసారి చేసే నమోదు ఉంటుంది. ఎప్పుడో ఇంటర్ అయ్యాక ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరో చేసిపెట్టిన ఖాతాలో దివ్యాంగులు కాదని టిక్ పడి ఉండొచ్చు. నోటిఫికేషన్ రాకముందే తెరిచి సరిచేయండి.

☐ వైకల్యం రకం, శాతం, సర్టిఫికెట్ నంబరు కాగితం చూసి కొట్టండి
☐ స్క్రైబ్ కావాలా, అదనపు సమయం కావాలా అన్న ప్రశ్నకు ఇప్పుడే జవాబివ్వండి. పరీక్ష కేంద్రంలో అడిగితే ఒప్పుకోకపోవచ్చు
☐ సర్టిఫికెట్ తేదీ నోటిఫికేషన్‌లో చెప్పిన గడువు తేదీకి ముందుదేనా
☐ నోటిఫికేషన్ చివర దివ్యాంగుల సర్టిఫికెట్ నమూనా ఇస్తారు. మీది ఆ ఫారంలోనే ఉందా
☐ నింపిన దరఖాస్తు పీడీఎఫ్ ఫోన్‌లోనే కాక మెయిల్‌లో కూడా దాచారా

కేంద్ర ఉద్యోగాల నమూనా ఫారం, మన సదరం కాగితం రెండూ చూడటానికి వేరుగా ఉంటాయి. తేడా ఉంటే జిల్లా ఆసుపత్రి మెడికల్ బోర్డులో ఆ ఫారం మీదే రాయించుకోవాలి. దీనికి పరుగులు పెట్టే రోజు వెరిఫికేషన్ ముందురోజు కాకూడదు.

7. స్క్రైబ్, అదనపు సమయం

చూపు లేనివాళ్లు, రెండు చేతులూ పనిచేయనివాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు అడిగితే స్క్రైబ్ ఇవ్వాలి. మిగతా వాళ్లు, రాయడంలో శారీరక ఇబ్బంది ఉందని ప్రభుత్వ ఆసుపత్రి సివిల్ సర్జన్ లేదా సూపరింటెండెంట్ స్థాయి అధికారి నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. స్క్రైబ్‌కు అర్హులైన వాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది. రెండు గంటల పరీక్ష అయితే 40 నిమిషాలు.

సొంత స్క్రైబ్‌ను తెచ్చుకోవచ్చా, వాళ్లే ఇస్తారా అన్న నిబంధన నోటిఫికేషన్‌ను బట్టి మారుతోంది. స్క్రైబ్ చదువు ఎంత మించకూడదన్నదీ అంతే. ప్రతిసారీ కొత్తగా చదవండి. పోయినసారి పద్ధతి ఈసారి ఉండకపోవచ్చు.

స్క్రైబ్‌తో పరీక్ష రాయడం వేరే నైపుణ్యం. బాగా చదివిన వాళ్లు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు, ఎందుకంటే ఇంట్లో ఒక్కరే మనసులో చదువుకుని, హాల్లో మొదటిసారి నోటితో చెబుతారు. ప్రాక్టీస్ ఇలా చేయండి.

పాత ప్రశ్నపత్రం తీసుకుని, ఆ సబ్జెక్టు తెలియని వాళ్లతో చదివించుకోండి. తెలిసినవాళ్లు చదివితే వాళ్లకు తెలియకుండానే జవాబు మీద ఒత్తి పలుకుతారు. మొదట ప్రశ్న ఒకసారి, నాలుగు ఆప్షన్లు ఒకసారి, మళ్లీ ప్రశ్న చదవమనండి. జవాబు చెప్పాక "ఏది పెట్టారు?" అని అడిగి వినిపించుకోండి. లెక్కల్లో అంకెలు విడివిడిగా చెప్పించుకోండి. పట్టికలున్న ప్రశ్నలను వదిలేసి చివర్లో చూడమని ముందే ఒప్పందం చేసుకోండి. గడియారం పెట్టుకుని, అదనపు సమయంతో కలిపి పూర్తి పేపర్లు చేయండి.

హాల్లో మీకు కేటాయించిన స్క్రైబ్ సరిగ్గా చదవలేకపోతే మొదటి పది నిమిషాల్లోనే చీఫ్ సూపరింటెండెంట్‌కు చెప్పి మార్చమనండి. గంట గడిచాక చెబితే పోయిన సమయం తిరిగి రాదు. మెట్లు ఎక్కలేనివాళ్లు హాల్‌టికెట్ రాగానే కేంద్రానికి వెళ్లి, గది కింది అంతస్తులో ఇవ్వమని కాగితం రాసివ్వండి.

8. ప్రైవేటు ఉద్యోగం

ప్రైవేటులో ప్రభుత్వంలోలా తప్పనిసరి కోటా లేదు. అయినా 20 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థకు సమాన అవకాశాల విధానం రాతపూర్వకంగా ఉండాలని దివ్యాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2017 నిబంధనలు చెబుతున్నాయి. దివ్యాంగులకు సరిపడే పోస్టులేవి, ఎంపిక ఎలా, ఏ సౌకర్యాలు ఇస్తారు, ఈ పనులు చూసే లైజన్ ఆఫీసర్ ఎవరు అన్నవి అందులో ఉండాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో దీన్ని వెతకండి. ఉంటే మీ దరఖాస్తు ఎవరికి పంపాలో అక్కడే తెలుస్తుంది.

నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో దివ్యాంగులుగా నమోదు చేసుకోండి. పైన చెప్పిన సంస్థల ద్వారా వచ్చే ఉద్యోగ మేళాలకు వెళ్లండి. మామూలు జాబ్ సైట్లనూ వదలకండి.

రెజ్యూమెలో వైకల్యం గురించి రాయాలా వద్దా? నా సలహా ఇది: పై వరుసల్లో చదువు, పని, నైపుణ్యాలే ఉండాలి. ఇంటర్వ్యూకు పిలిచిన రోజే అవసరాలు చెప్పాలి. ముందే రాస్తే కొందరు పేరు కూడా చదవకుండా పక్కన పెడతారు. అసలు చెప్పకుండా వెళితే మూడో అంతస్తులో లిఫ్టు లేని గది ముందు ఆగిపోతారు. దివ్యాంగుల కోసమే ప్రకటించిన పోస్టు అయితే మొదటే రాయండి.

ఫోన్ వచ్చినప్పుడు ఇలా చెబితే సరిపోతుంది:

"థాంక్యూ మేడమ్. గురువారం వస్తాను. నేను వీల్‌చైర్ వాడతాను. ఇంటర్వ్యూ గది గ్రౌండ్ ఫ్లోర్‌లో గానీ లిఫ్టు ఉన్నచోట గానీ ఉంటే బాగుంటుంది. రాతపరీక్ష ఉంటే నేను రాయగలను, వేరే ఏర్పాటు అక్కర్లేదు."

అంతే. క్షమించమని అడగొద్దు, ప్రమాదం ఎలా జరిగిందో చెప్పొద్దు. మాట్లాడాక అదే విషయాన్ని రెండు లైన్ల మెయిల్ చేయండి. వినపడని వాళ్లు మొదటి నుంచీ మెయిల్‌లోనే మాట్లాడొచ్చు. "దయచేసి ఫోన్ బదులు మెసేజ్ చేయండి" అని రెజ్యూమెలో నంబరు పక్కనే రాయండి.

ఇంటర్వ్యూలో "రోజూ రాగలవా? ఈ పని చేయగలవా?" అని అడుగుతారు. "చేయగలను సర్" అని ఆగిపోకండి. ఎలా చేస్తారో చూపించండి. స్క్రీన్ రీడర్‌తో వాళ్ల కంప్యూటర్ మీదే ఒక ఎక్సెల్ షీట్ తెరిచి చూపడానికి ఐదు నిమిషాలు అడగండి. మాటతో పోని అనుమానం అక్కడ పోతుంది.

ఆఫర్ లెటర్‌లో జీతం, ఈపీఎఫ్, పని చోటు, షిఫ్టు చూసుకోండి. దివ్యాంగులని తక్కువ జీతం ఇస్తామంటే, అదే పనికి మిగతా వాళ్లకు ఎంతో అడగడంలో తప్పు లేదు. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగే ఎవరికీ, "స్కీము కింద" అని చెప్పినా సరే, డబ్బు కట్టకండి.

9. సొంత వ్యాపారం

కొత్త యూనిట్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో దివ్యాంగులది ప్రత్యేక వర్గం. ప్రాజెక్టు ఖర్చులో గ్రామంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం సబ్సిడీ. మీ వాటా 5 శాతమే. తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవా రంగానికి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు.

ఊళ్లో 5 లక్షలతో పిండిమర పెట్టాలనుకుంటే, మీ చేతి నుంచి 25,000, బ్యాంకు 4,75,000. సబ్సిడీ 1,75,000 వెంటనే చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో మీ పేరు మీద డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని చూశాక అప్పులో కలుపుతారు. సబ్సిడీ డబ్బుతో మొదటి నెలలు గడుపుదామనుకుంటే దెబ్బతింటారు. మూడు నెలల ఖర్చు పక్కన ఉంచుకుని మొదలుపెట్టండి.

జాతీయ దివ్యాంగుల ఆర్థిక సంస్థ ఎన్‌డీఎఫ్‌డీసీ తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది. తెలంగాణ వికలాంగుల సహకార సంస్థ, ఏపీ విభిన్న ప్రతిభావంతుల సహకార సంస్థ రుణాలు, ఉపకరణాల ప్రకటనలు ఇస్తుంటాయి. గడువు తక్కువ ఉంటుంది. జిల్లా కార్యాలయం నోటీసు బోర్డు చూసే అలవాటు చేసుకోండి.

10. చేరిన తర్వాత

మొదటి వారంలోనే మీ అవసరాలను రాతపూర్వకంగా ఇవ్వండి. రెండో భాగం కాగితంలోని రెండో గడి ఇక్కడ యథాతథంగా పనికొస్తుంది. ప్రభుత్వ సంస్థ తగిన సర్దుబాట్లు చేయాలని దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం కారణంగా ప్రమోషన్ ఆపకూడదని కూడా అందులోనే ఉంది. కేంద్ర ఉద్యోగులకు రవాణా భత్యం రెట్టింపు ఉంటుంది. దరఖాస్తు పెడితేనే వస్తుంది.

ఉద్యోగంలో ఉండగా ప్రమాదమో జబ్బో వచ్చి వైకల్యం ఏర్పడితే, ప్రభుత్వ సంస్థ తొలగించడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ వీల్లేదు. వేరే సరిపడే పోస్టులోకి అదే జీతంతో మార్చాలి. పోస్టు లేకపోతే అదనపు పోస్టు సృష్టించాలి. ఈ సమయంలో ఎవరైనా స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. వర్ణాంధత్వం బయటపడిందని డ్రైవర్‌ను ఇంటికి పంపిన తెలంగాణ ఆర్టీసీ కేసులో, వేరే పని ఇవ్వాల్సిందేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

11. అన్యాయం జరిగితే ఫిర్యాదు వరుస

గొడవతో మొదలుపెట్టకండి, కాగితంతో మొదలుపెట్టండి. ఏ తేదీన, ఎవరు, ఏం అన్నారో, మీరేం అడిగారో ఒక పేజీలో రాయండి.

ప్రతి ప్రభుత్వ సంస్థలో దివ్యాంగుల ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ అధికారి ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. అక్కడ న్యాయం జరగకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు.

రాష్ట్ర సంస్థలు, ప్రైవేటు సంస్థల మీద ఫిర్యాదులు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు, కేంద్ర సంస్థల మీద ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు పంపాలి. దీనికి లాయరు తప్పనిసరి కాదు. కమిషనర్ సిఫార్సు చేశాక సంబంధిత సంస్థ మూడు నెలల్లో ఏం చర్య తీసుకుందో తెలియజేయాలి.

కోటా పోస్టులు నింపడం లేదన్న అనుమానం ఉంటే ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఇలా అడగండి: "గత ఐదేళ్లలో భర్తీ చేసిన మొత్తం పోస్టులు, దివ్యాంగుల రోస్టర్ రిజిస్టర్ ప్రతి, వర్గాల వారీగా బ్యాక్‌లాగ్ ఖాళీలు." నింపని కోటా ఖాళీ తర్వాతి ఏడాదికి వెళ్లాలని చట్టంలో ఉంది కాబట్టి, ఏ పోస్టు ఏ కోటాదో చూపే రోస్టర్ ప్రతి చేతిలో ఉంటే కమిషనర్ ముందు మీ మాటకు ఆధారం ఉంటుంది. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్లు ఆ జిరాక్స్ జతచేస్తే సమాచార హక్కు ఫీజు కట్టనక్కర్లేదు.

ఫిర్యాదుతో పాటు పంపాల్సినవి:

☐ యూడీఐడీ లేదా సదరం సర్టిఫికెట్ ప్రతి
☐ నోటిఫికేషన్‌లో సంబంధిత పేజీ, లేదా ఆఫర్ లెటర్
☐ మీరు పంపిన మెయిళ్లు, వాళ్ల జవాబులు తేదీల వారీగా
☐ మీకు ఏం కావాలో ఒక్క వాక్యంలో: ఉద్యోగంలోకి తీసుకోవడమా, సౌకర్యం ఇవ్వడమా, పోస్టింగ్ మార్చడమా

రిజిస్టర్ పోస్టులో పంపి, ఆ రసీదును ఫైల్లో మొదటి కాగితంగా పెట్టుకోండి. హియరింగ్ నోటీసు వచ్చినప్పుడు సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ గానీ, ఆన్‌లైన్‌లో హాజరయ్యే వీలు గానీ కావాలంటే జవాబులోనే అడగండి.